సమస్య: «రసము విడిచి తొక్క రాణకెక్కె»

గుంటూరు మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. రసం వదిలేసి తొక్కకి పేరు రావడమేంటని తల గోక్కోకండి, దారి నేనే చెప్తా. మా అల్లుడు ఓ చిన్న సెంటు సీసా తెచ్చాడు, పెద్ద కంపెనీది కాదు, కొద్దికొద్దిగా చేత్తో కలిపి అమ్మేవాళ్ళదట, కొట్టుకోగానే దబ్బాకు నలిపినట్టు గుప్పుమంది, అరగంటకి చూస్తే చొక్కా మీద చెమట వాసనే మిగిలింది. దాని మీద రాయండి.

తెనాలి అక్క:
నిమ్మపండు తొక్క నిండుగా పరిమళ
తైల మొదిగి యుండు తరచి చూడ
సెంటు సీస నెక్కి చేరె సీమల దాక
రసము విడిచి తొక్క రాణకెక్కె

మాస్టారు: గణాలు శుభ్రం. తైల–తరచి యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన చోట, ఐకారానికి అకారం చెల్లుతుంది, టెన్షన్ వద్దు. కానీ అక్కా, «తరచి చూడ» పాదం నింపడానికే వచ్చింది. నిమ్మతొక్కని తరచి చూసేదేముంది, గోటితో గిల్లితే కంట్లోకే చిమ్ముతుంది కదా!

బెజవాడ కుర్రాడు:
బెజవాడ ఎండలో మార్కెట్టు చెంతన
బండివాడు నిమ్మపండు పిండె
చిప్ప లెత్తుకెళ్ళె సెంటువాడొక్కడు
రసము విడిచి తొక్క రాణకెక్కె

తెనాలి అక్క: తమ్ముడూ, నవ్వించావు గానీ మొదటి పాదం కూలింది. «బెజవాడ» సలం, ఇంద్రగణం, అక్కడ సూర్యగణం పడాలి. బె–మా యతీ లేదు. «మండుటెండలోన మార్కెట్టు చెంతన» అను, రెండూ కుదురుతాయి. ఊరి పేరు పోతుందని బాధపడకు, మండుటెండ అంటే బెజవాడేగా.

బెజవాడ కుర్రాడు: ఒప్పుకున్నా అక్కా. «ఎత్తుకెళ్ళె» మాత్రం మార్చను, బండి దగ్గర అలాగే అంటారు.

మాస్టారు: ఉంచు. అయితే పిండేసి ఎండలో పడేసిన చిప్పకి ఆ వాసన నిలవదు. తొక్క నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్, తేలికైన సరుకు, గాలి తగిలితే ఎగిరిపోతుంది. నా సెంటు అరగంటలో మాయమైందీ అందుకే, అమ్మినవాడి మోసం కాదు. నిమ్మజాతి వాసనలు ముందు పలకరించి ముందే వెళ్ళిపోతాయి, కింద గంధపు చెక్కో కస్తూరో లాంటి బరువైన వాసన పట్టి ఉంచితే తప్ప.

గుంటూరు మిర్చి:
ఇటలి దక్షిణాన నింపుగా పండెడి
బెర్గమాటు చేదు, పెదవి ముడుచు
తొక్క నొక్క నూనె చుక్కచుక్కగ జారె
రసము విడిచి తొక్క రాణకెక్కె

తెనాలి అక్క: మూడో పాదంలో యతికి బదులు రెండో అక్షరం కలిపావు, తొక్క–చుక్క ప్రాసయతి భలే పడింది! «ముడుచు» ఒక కాలం, «జారె» ఇంకో కాలం కదా, అదొక్కటే నలుసు.

గుంటూరు మిర్చి: చేదు ఎప్పుడూ ఉండేదే కాబట్టి «ముడుచు» అన్నానక్కా.

మాస్టారు: సమర్థన చాలు. ఈసారి మొదటి స్థానం దీనిదే. మిగతా రెండింట్లో రసాన్ని ఎందుకు వదిలేశారో లేదు, తినలేని పండు కనుక తొక్కకే విలువ అని ఇందులో ఉంది, సమస్య ముడి అక్కడే విడింది. బెర్గమాట్ అనే ఈ నిమ్మజాతి పండు పండేది ఎక్కువగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో, తొక్కని వేడి చెయ్యకుండా నొక్కి నూనె తీస్తారు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా అనే సెంటువాళ్ళ కొట్టు మొదలైంది 1709లో, వాళ్ళ «కొలోన్ నీళ్ళు» అనే సెంటుకీ ఈ వాసనే పేరు తెచ్చింది. ఒక్క మాట, శుద్ధి చెయ్యని బెర్గమాట్ నూనె ఒంటికి రాసుకుని మన ఎండలో తిరిగితే చర్మం కమిలి మచ్చలు పడతాయి.

బెజవాడ కుర్రాడు: అయితే మాస్టారూ, మీ సీసా చొక్కాకే కొట్టుకోండి. పూలూ ఆకులూ కూడా సెంటుకి వాడతారంటగా?

మాస్టారు: చేదు నారింజ పూలని ఆవిరి పడితే వచ్చే నూనె నెరోలి, ఆకులూ లేత కొమ్మలూ పడితే వచ్చేది పెటిట్‌గ్రెయిన్, చెట్టు ఒకటే. వచ్చే సమస్య దాని మీదే, కందంలో. నువ్వు ముందు గణాలు లెక్కపెట్టుకునిరా.