అంబాసిడర్ మార్క్ 4: 60 మీద మిస్సింగ్, పాతిక కిలోమీటర్లు పోయాక ఆగిపోతోంది, కారణం దొరకడం లేదు

కోవూరు_మార్క్4:
అందరికీ నమస్కారం. మాది కోవూరు. మా నాయన 1987లో కొన్న అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్ ఇంజను, 1489 సీసీ. నాయన పోయి రెండేళ్లయింది, అప్పట్నుంచి బండి షెడ్డులోనే ఉంది. వచ్చే నెల కందుకూరులో చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురు ఆ బండిలోనే మండపానికి రావాలని అమ్మ కోరిక, నాకూ అదే ఆశ.

పొద్దున సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. స్లోలో బాగా నిలబడుతుంది. హైవే ఎక్కి 50, 60 మధ్య కాలు తేలిగ్గా ఉంచి పోతుంటే ఎవరో వెనకనుంచి తన్నినట్టు టక్ టక్‌మని జర్కులు. విచిత్రం ఏందంటే, కాలు మొత్తం అదిమితే జర్కు పోయి బాగానే లాగుతుంది. ఇది ఒకటి. రెండోది, దగదర్తి దగ్గరికి వచ్చేసరికి మెల్లగా బలం తగ్గిపోయి, ఎంత అదిమినా ఎక్కక, ఆగిపోతుంది. అరగంట పక్కన పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. పోయిన ఆదివారం అమ్మను కూర్చోబెట్టుకుని రెండుసార్లు రోడ్డు పక్కన నిలబడ్డా.

ఇప్పటిదాకా ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్లు, వాటి పక్కనుండే కండెన్సర్, పెట్రోల్ ఫిల్టర్ కొత్తవి వేశా. పాతదాని తాళంచెవి పోతే ట్యాంకు మూత కూడా కొత్తది తెచ్చా. కార్బరేటర్ విప్పించి కడిగించా. ఒక మెకానిక్ స్పార్క్ కరెంటు పుట్టించే కాయిల్ మార్చమంటాడు, ఇంకొకాయన ఇంజను దించాల్సిందే అంటాడు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

పెన్నా_గట్టు:
తమ్ముడూ, ఇది ఎయిర్ లాక్ అనిపిస్తోంది. మన ఎండలకి ఇంజను పక్కనే ఉన్న పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతే పంపు లాగలేదు. చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది, నువ్వు చెప్పిందీ అదే గదా. ఈసారి ఆగినప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చూడు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండి రబ్బరు పైపుల్ని, పంపు లోపల పెట్రోలు లాగే పల్చటి పొరను, అదే డయాఫ్రమ్‌ను, అది మెత్తబరుస్తుంది. రెండేళ్లు కదలని బండి కాబట్టి అవి ఎట్లాగూ మార్చాల్సిందే.

కోవూరు_మార్క్4:
థాంక్స్ అన్నా. పైపులు మారుస్తా. కానీ నిన్న కావాలనే తెల్లారి ఐదున్నరకి చల్లగాలిలో తీసుకుపోయా, అప్పుడు కూడా అక్కడక్కడే ఆగింది. టెంపరేచర్ ముల్లు సగం కూడా దాటలేదు. తడిగుడ్డ వేసినా తేడా లేదు.

టంగుటూరు_పాతషెడ్డు:
బాబూ, ముందు ఇంజను దించే మాట మర్చిపో. దించాల్సిన ఇంజను పొద్దున ఒక్క తిప్పుకి అందుకోదు. ముప్పై ఏళ్లు ఈ బండ్ల మీదే పనిచేశాను, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ బండికి ఒక జబ్బు కాదు, రెండున్నాయి. ఒకదాని గుర్తులు ఇంకోదానికి అంటగడుతున్నావు కాబట్టే చిక్కుముడి వీడటం లేదు.

మొదట జర్కు సంగతి. పెట్రోలు చాలకపోతే కాలు అదిమినప్పుడు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టాలి, ఎందుకంటే ఇంజను అప్పుడే ఎక్కువ తాగుతుంది. నీకు అదిమితే పోతోంది. కాయిల్ బలహీనపడినా అంతే, బరువు మీద పడ్డప్పుడే ఎక్కువగా మిస్ కొడుతుంది. మరి కాలు తేలిగ్గా ఉన్నప్పుడు మాత్రమే జరిగేదేంటి? వాక్యూమ్ అడ్వాన్స్, అంటే స్పార్క్‌ను కొంచెం ముందుకి జరిపే ఏర్పాటు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి డబ్బా, దాన్నుంచి కార్బరేటర్‌కి సన్న పైపు ఉంటుంది చూడు. 60 మీద సాఫీగా పోతున్నప్పుడు ఆ పైపులో వాక్యూమ్ పెరిగి, పాయింట్లు కూర్చున్న ప్లేటును కొంచెం తిప్పుతుంది. కాలు మొత్తం అదిమితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది. ప్లేటు తిరిగినప్పుడల్లా దానితోపాటు వంగేది పాయింట్లకి కరెంటు తెచ్చే చిన్న వైరు. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. చూస్తే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. నువ్వు పాయింట్లు మార్చావు గానీ ఆ వైరు మార్చి ఉండవు. ప్లేటును బాడీకి కలిపే ఎర్త్ జడ కూడా అట్లాగే తెగుతుంది.

పరీక్ష చాలా తేలిక. వాక్యూమ్ పైపును డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఊడదీసి, పైపు నోట్లో చిన్న బిరడా పెట్టు, లేకపోతే గాలి లాగుతుంది. అట్లాగే హైవే మీదికి పో. జర్కు మాయమైతే తప్పు ఆ ప్లేటు మీదే ఉన్నట్టు. తర్వాత ఇగ్నిషన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, వైరు రెండు కొసలకి మల్టీమీటర్ పెట్టి ప్లేటును వేలితో అటూఇటూ కదిలించు. బీప్ ఆగి ఆగి వస్తే అదే.

ఇక ఆగిపోవడం. ఆగుతున్న తీరు గమనించు. కరెంటు పోతే స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా చస్తుంది. నీది మెల్లగా బలం తగ్గి ఆగుతోంది, అంటే పెట్రోలు అందడం లేదు. ఎండకీ దీనికీ సంబంధం లేదని నువ్వే తేల్చావు. నువ్వు మామూలు మాటగా రాసిపారేసిన దాని మీదే నాకు అనుమానం, ఆ కొత్త ట్యాంకు మూత. పాత మూతలో గాలి పోయే దారి ఉంటుంది. లేని మూత పెడితే పంపు పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, ఒకచోటికి వచ్చాక పంపు ఓడిపోతుంది. అరగంటలో సందుల్లోంచి గాలి చేరుతుంది, మళ్లీ స్టార్టవుతుంది. ఈసారి ఆగగానే బానెట్ వైపు పోవద్దు, నేరుగా వెనక్కి పోయి మూత తిప్పు. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే నీ జవాబు అదే.

అన్నిటికన్నా ముఖ్యం, బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే చూడాలి. షెడ్డుకి తోసుకొచ్చి, చల్లారాక చూస్తే ఏ మెకానిక్‌కైనా అంతా బాగానే కనిపిస్తుంది.

గ్రానైట్_రోడ్డు:
పెద్దాయన చెప్పింది నిజం. నాది ఎంజీఏ కాదు గానీ దాని గురించి చదువుతుంటాను. ఆ ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో వేసిందీ ఇదే 1489 సీసీ బి-సిరీస్ ఇంజను. కాబట్టి వాళ్లు రాసుకున్న మరమ్మతు విషయాలు చాలావరకు మనకీ పనికొస్తాయి.
రెండు చిన్న మాటలు. స్పార్క్ చూసేటప్పుడు చుట్టుపక్కల పెట్రోలు చుక్క కూడా లేకుండా చూసుకో, ప్లగ్గు వైరును వట్టి చేత్తో పట్టుకోవద్దు. కొత్త పాయింట్ల గ్యాప్ కొన్ని వందల కిలోమీటర్లకే తగ్గుతుంది, సందు కొలిచే రేకుతో, అదే ఫీలర్ గేజ్‌తో, మళ్లీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్యకి తెచ్చుకో. ప్లగ్గు వైర్లు మార్చానన్నావు కాబట్టి సిలిండర్లకి స్పార్క్ అందే వరస కూడా ఒకసారి సరిచూసుకో, 1-3-4-2, రేడియేటర్ వైపుది ఒకటో సిలిండర్.

కోవూరు_మార్క్4:
పెద్దాయనా, మీ కాళ్లకి దండం పెట్టాలి.
ఈరోజు పొద్దున పైపు ఊడదీసి, బిరడాగా చిన్న స్క్రూ పెట్టి బయల్దేరా. కొడవలూరు దాటినా ఒక్క జర్కు లేదు. దగదర్తి ముందర ఎప్పటిలాగే బలం తగ్గింది. ఆగగానే పరిగెత్తి మూత తిప్పా. మీరు చెప్పినట్టే ఉస్సుమని పీల్చుకుంది, పక్కనున్న మా బావమరిదికి కూడా వినపడింది. వెంటనే సెల్ఫ్ కొడితే కొంచెం తిరిగి అందుకుంది, అరగంట ఆగాల్సిన పనే పడలేదు. మూత వదులుగా పెట్టి, పైన గుడ్డ కట్టి, మెల్లగా ఇంటికి వచ్చేశా.

ఇంటికొచ్చి డిస్ట్రిబ్యూటర్ విప్పా. వైరు పైకి బాగానే ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని వంచితే మధ్యలో ఒకచోట దారంలా మెత్తగా మడతపడింది. తొడుగు చీల్చి చూస్తే రాగి నల్లబడి, రెండు మూడు పోగులు మాత్రమే కలిసున్నాయి. ఇంట్లో బల్బు వైరు ముక్క ఉంది, అది వేసి సోల్డరింగ్ పెట్టొచ్చా?

టంగుటూరు_పాతషెడ్డు:
వద్దు నాయనా. ఇంటి వైరు బిరుసు, ప్లేటును కదలనివ్వదు, నెల తిరక్కుండానే మళ్లీ తెగుతుంది. సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు తీసుకో, మీటర్ ప్రోబులకి ఉండేలాంటిది. ప్లేటు ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగినా లాగకుండా కొంచెం వదులు ఉంచు, కానీ డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్‌కి తగలకూడదు. మూత మాత్రం గాలి దారి ఉన్నదే అడిగి తెచ్చుకో, రోడ్డు మీద గుడ్డ కట్టి తిరగొద్దు. పంపు డయాఫ్రమ్, పైపులు కూడా ఈ వారమే మార్చేయి. అన్నీ అయ్యాక కందుకూరు దాకా ఒకసారి పోయి రా, ఆ తర్వాతే పూలదండలు కట్టు. దారిలో ఏదైనా అనిపిస్తే టంగుటూరు దూరమేమీ కాదు, నేనే వస్తాను.