దూడ పోయిన గేదె దిగులు: దీనిని దుఃఖం అనవచ్చా?

ప్రశ్న – మంగళగిరి వాసి

సభ్యులందరికీ నమస్కారం. మంగళగిరి దగ్గరి మా ఊళ్లో అమ్మా నాన్నా రెండు ముర్రా గేదెలను మేపుకుంటున్నారు. రెండో ఈత ఈనిన గేదెకు పుట్టిన దూడ పారుడుతో (విరేచనాలతో) చనిపోయింది. అప్పటి నుంచి ఆ గేదె దూడను కట్టేసిన గుంజ వైపే మెడ తిప్పి అరుస్తోంది, దాణా సగం వదిలేస్తోంది, అమ్మ పితకడానికి కూర్చుంటే చేపడం లేదు, అంటే పాలు కిందికి దించడం లేదు. గొడ్డుకు మనసేమిటి, ఇంజెక్షన్ వేస్తే పాలు అవే దిగుతాయని కొందరు అంటున్నారు. దూడ చర్మంలో ఎండుగడ్డి కూరి ఎదురుగా పెట్టమని మరికొందరు చెబుతున్నారు. మనిషి బాధను నేనే దానికి అంటగడుతున్నానా, లేక శాస్త్రం కూడా దీనిని దుఃఖమని ఒప్పుకుంటుందా? నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను కనుక, ఇంటి దగ్గర అమ్మ చేయగలిగిన పనులేమిటో కూడా దయచేసి తెలుపగలరు.

సమాధానం – విశ్రాంత పశువైద్యుడు, గుంటూరు

ముందుగా శరీరాన్ని పరీక్షించాలి. ఈనిన తొలి వారాల్లో మేత మానడానికి, పాలు తగ్గడానికి పొదుగువాపు, పాలజ్వరం, గర్భసంచిలో చీము వంటి కారణాలు ఉండవచ్చు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించి, జ్వరం ఉందేమో, ఈనిన తరువాత పడే మాయ పూర్తిగా పడిందో లేదో చూపించండి. అవేవీ కావని తేలితే మీరు చెప్పిన లక్షణాలు దూడ ఎడబాటుకు సరిగ్గా సరిపోతున్నాయి.

చేపు విషయంలో ఆవుకూ గేదెకూ ముఖ్యమైన తేడా ఉంది. ఆవు పాలలో దాదాపు 20 శాతం చన్నుల పైనున్న తిత్తిలోకి ముందే దిగి ఉంటాయి. గేదెలో అది సుమారు 5 శాతమే. మిగిలినదంతా పైన పాలగ్రంథుల్లోనే నిలిచి ఉంటుంది. దూడ వాసన, దూడ మూతి తగలడం, అలవాటైన చేతి స్పర్శ మెదడుకు అందినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై ఆ పాలను కిందికి దించుతుంది. పశువు భయంలోనో ఆందోళనలోనో ఉంటే ఆ విడుదలే తగ్గిపోతుంది, విడుదలైన కొద్దిపాటిని కూడా భయంలో పుట్టే అడ్రినలిన్ అనే హార్మోన్ పనిచేయనివ్వదు. అందువల్ల చేపని గేదెను మొండిదని అదిలించడం, కొట్టడం వల్ల ఆ ఆందోళనే పెరుగుతుంది తప్ప పాలు రావు.

పాలు దించడానికి వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ విషయంలో మీ పొరుగువారి సలహా వినవద్దని గట్టిగా కోరుతున్నాను. వైద్యుడు పరీక్షించి చికిత్సగా ఇవ్వడం వేరు, పూటపూటా పాల కోసం పొడవడం వేరు. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని కలిగించే ఇంజెక్షన్ ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నేరం. దానికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

సమాధానం – జంతు ప్రవర్తన విద్యార్థిని, గన్నవరం

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబిస్తాను. జంతువుల భావోద్వేగాలను మెదడులో వెతికిన శాస్త్రవేత్త యాక్ పాంక్‌సెప్, తల్లి నుంచి వేరుచేసిన కుక్కపిల్లలకు మార్ఫిన్‌ను మత్తు రానంత స్వల్ప మోతాదులో ఇచ్చినప్పుడు వాటి ఏడుపు తగ్గడాన్ని గమనించారు. నొప్పిని తగ్గించే మందే ఎడబాటు ఏడుపునూ తగ్గించిందంటే, ఆ రెండు బాధలకూ మెదడులో దగ్గరి సంబంధం ఉందని అర్థం చేసుకోవచ్చు.

ఇంకా సూటిగా మనకు పనికివచ్చేది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు పాల్గొన్న 2014 నాటి పరిశోధన. తెర మీద ఒక రంగు కనిపిస్తే పాలు దొరుకుతాయని, మరో రంగు కనిపిస్తే దొరకవని దూడలకు నేర్పి, తరువాత ఆ రెండింటికీ మధ్యస్థమైన రంగులను చూపించారు. తల్లి నుంచి వేరుచేసిన తరువాత దూడలు ఆ మధ్య రంగులను చూసి ముందుకు వెళ్లడం తగ్గించాయి. కాల్చిన ఇనుముతో కొమ్ము మొదళ్లను తీసేసిన తరువాత కూడా అవి అదే విధంగా ప్రవర్తించాయి. మంచి జరుగుతుందన్న ఆశ తగ్గడమే దీనిలో కనిపిస్తోంది. ఇది దూడల మీద చేసిన ప్రయోగమే కానీ తల్లుల మీద చేసినది కాదు. మరణం అంటే ఏమిటో మీ గేదెకు మనలాగా తెలుసునని నేను అనలేను. అయినా ఎడబాటు దానికి బాధ కలిగిస్తోందని నమ్మడానికి ఇంతకంటే ఎక్కువ రుజువు అవసరం లేదని నా అభిప్రాయం. జంతువులకు భయం నుంచి, మానసిక క్షోభ నుంచి విముక్తి ఉండాలని మన సుప్రీంకోర్టు కూడా 2014లో జల్లికట్టు కేసు తీర్పులో గుర్తించింది.

సమాధానం – పాడి రైతు, తెనాలి

మా ఇంట్లో ఇటువంటిది జరిగినప్పుడు మా అత్తగారు చనిపోయిన దూడను తల్లి వాసన చూసి, నాకి, తనంతట తాను పక్కకు తిరిగే వరకు చావిడి నుంచి తీయనిచ్చేవారు కాదు. మీ ఇంట్లో ఆ సమయం దాటిపోయింది కనుక, ఇప్పుడు రెండో గేదెను దాని పక్కనే, ఒకదానికొకటి ఒళ్లు తగిలేంత దగ్గరలో కట్టేయమని అమ్మగారితో చెప్పండి. పితికే మనిషిని, వేళను, చోటును మార్చకండి. ముందు గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, దాణా ముందు పెట్టి, దూడ కుడిచినట్లే చేత్తో చన్నులను నిదానంగా దువ్వుతూ చాలాసేపు ఓపిక పట్టాలి. గడ్డి కూరిన దూడ మీద నాకు నమ్మకం లేదు. చర్మం పాత వాసన పోయి మురిగే కొద్దీ గేదె దానిని చూసి బెదరడం నేను గమనించాను. చుట్టుపక్కల తల్లి లేని దూడ దొరికితే, పారుడు లేదని డాక్టరు గారికి చూపించి, ఈ గేదె పాలనే దాని వీపు మీద రాసి దగ్గరకు వదలండి. కొన్ని గేదెలు రానిస్తాయి, కొన్ని కుమ్ముతాయి కనుక మొదట్లో పగ్గం చేతిలోనే ఉంచుకోవాలి.

ప్రశ్నించినవారి జవాబు – మంగళగిరి వాసి

అందరికీ కృతజ్ఞతలు. రేపు ఉదయమే 1962కు ఫోన్ చేయమని నాన్నకు చెప్పాను. ఇంజెక్షన్ వేయించే ఆలోచనను ఇంట్లో అందరం మానుకున్నాం. తల్లి లేని దూడ కోసం పక్క ఊళ్లో విచారిస్తున్నాం.