గిల్లం అడవుల గాలింపు గురించి తెలిసినవారు చెప్పగలరా?

2019 జులైలో కెనడాలో జరిగిన మూడు హత్యల కేసులో 18, 19 ఏళ్ల అనుమానితుల కోసం ఉత్తర మానిటోబా రాష్ట్రంలోని గిల్లం అనే చిన్న ఊరి చుట్టూ సాగిన గాలింపు గురించి చదువుతున్నాను. వాళ్లు వేషం మార్చి ఆ ప్రాంతం ఎప్పుడో దాటిపోయారని ఎందరో ఊహించారు. అదే ప్రాంతంలోని యార్క్ ల్యాండింగ్ అనే ఊళ్లో కనబడ్డారన్న ఒక్క మాటకు బలగాలు అటు పరుగెత్తాయి. అక్కడ ఎవరూ దొరకలేదు. ఆగస్టు 7న నెల్సన్ నది దగ్గర, వాళ్లు వాడిన కారు కాలిపోయిన చోటికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోనే ఆ ఇద్దరు అనుమానితుల శవాలు కనిపించాయి!

చిత్తడి నేల, దట్టమైన పొదలు, దోమలు ఉన్న చోట ఇలాంటి సమాచారంలో ఏది నమ్మాలో గాలించేవారు ఎలా తేల్చుకుంటారు? మానిటోబాలో ఉంటున్న తెలుగువారు గానీ, అడవిలో గాలింపు చేసిన అనుభవం ఉన్నవారు గానీ దయచేసి వివరించండి. తలుపులు వేసుకుని భయంతో గడిపిన ఆ చిన్న ఊళ్లవారే నా మనసులో మెదులుతున్నారు.