‘ఇర్రిగార్డ్‌లెస్’ పదమేనా? మీకు ఒళ్ళు మండే ఇంగ్లీషు తప్పులేంటి?

నిద్రలేనికలం
మా టీమ్ లీడ్ మేడం ప్రతి మెయిల్లోనూ ‘ఇర్రిగార్డ్‌లెస్’ అని రాస్తారు. నిన్న క్లయింటుకు వెళ్ళే డ్రాఫ్టు నా చేతికొస్తే ‘రిగార్డ్‌లెస్’ (దేనితోనూ నిమిత్తం లేకుండా అని అర్థం) అని దిద్ది పంపాను. పది నిమిషాల్లో డిక్షనరీ స్క్రీన్‌షాట్ జతచేసి, ‘ఇది పదమే, చూసుకోండి’ అంటూ టీమ్ మొత్తానికి కాపీ పెట్టి మరీ రాశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడు సందేహాలు. ఒకటి, ఇది పదమా కాదా? రెండు, డిక్షనరీలో ఉన్నంత మాత్రాన వాడెయ్యొచ్చా? మూడు, పైవాళ్ళు తప్పు రాస్తే నొప్పించకుండా ఎలా చెప్పాలి? పనిలో పనిగా మీకు చిరాకు తెప్పించే తప్పులు కూడా చెప్పండి.

ఎర్రసిరా
పదం కాదు. ‘లెస్’ అంటేనే లేదని. దాని ముందు ఇంకో ‘ఇర్’ తగిలిస్తే లేనిది లేకపోవడం, అంటే ఉన్నట్టే కదా! నా చిరాకు అడిగారు కాబట్టి: ‘కుడ్ ఆఫ్’. ‘ఐ కుడ్ ఆఫ్ కమ్’ అని రాసింది కనబడితే పళ్ళు పటపటా కొరుక్కుంటాను. ‘కుడ్ హ్యావ్’ గబగబా పలికితే ‘కుడవ్’ అని వినబడుతుంది. విన్నది విన్నట్టు రాసి పారేస్తున్నారు. నాలుగు పేజీలు చదివే అలవాటున్నవాళ్ళెవరూ అలా రాయరు.

గోడమీదపిల్లి
పదమే అండి. అమెరికా డిక్షనరీ మెరియమ్-వెబ్‌స్టర్ 1934 నుంచీ ఇస్తోంది. 1795లోనే అచ్చులో కనబడింది. 2020లో ఎవరో ఇప్పుడే కొత్తగా చేర్చారనుకుని నెట్టంతా గగ్గోలు పెట్టారు, గుర్తుందా? కానీ మీ మేడం పంపిన స్క్రీన్‌షాట్ ఓసారి జాగ్రత్తగా చూడండి. అర్థానికి ముందు ‘నాన్‌స్టాండర్డ్’, అంటే ప్రామాణికం కాని వాడుక, అనే ముక్క ఉండాలి. ఉందా?

నిద్రలేనికలం
ఇప్పుడే తీసి చూశాను. లేదు. కానీ ‘రిగార్డ్‌లెస్’ అన్న అర్థానికి ఎడమ పక్కన ఏవో అక్షరాల తోకలు కనిపిస్తున్నాయి. చివర్లో ఒక ‘డి’ సగానికి తెగి ఉంది!

పప్పులోకాలు
😂😂 ఆ ‘డి’ని ఫ్రేమ్ కట్టించండి.

ఎర్రసిరా
1934 అన్నారు కదా పిల్లిగారూ, అదే ఎడిషన్‌లో ‘డార్డ్’ అనే మాట కూడా ఉంది, తెలుసా? సాంద్రతకు గుర్తుగా ‘పెద్ద డి గానీ చిన్న డి గానీ’ వాడొచ్చని ఒక చీటీ మీద రాసుకున్నారు. ఇంగ్లీషులో ‘డి ఆర్ డి’. అది కాస్తా ఒకే మాటగా అతుక్కుపోయి, ‘డార్డ్: సాంద్రత’ అని అచ్చయిపోయింది. దాన్ని పట్టుకుని తీసెయ్యడానికి 1947 దాకా పట్టింది. అచ్చులో ఉంటే పదమైపోతుందంటే డార్డ్ కూడా పదమే.

గోడమీదపిల్లి
డార్డ్‌ని ఏ మనిషీ వాడలేదు, అందుకే తీసేశారు. ఇర్రిగార్డ్‌లెస్‌ని జనం రెండొందల ఏళ్ళకు పైగా వాడుతున్నారు. జనం ఏమంటున్నారో రాసుకోవడమే డిక్షనరీ పని. వాడమని అది ఎవరికీ చెప్పదు. 1961లో అదే డిక్షనరీ కొత్త ఎడిషన్ వెబ్‌స్టర్ థర్డ్ వచ్చి ‘ఎయింట్’ (‘ఈజ్ నాట్’ లాంటివాటికి జనం వాడే మాట) మాటను గట్టిగా కొట్టిపారెయ్యకపోతే అమెరికా పత్రికలన్నీ ఇలాగే నెత్తీ నోరూ కొట్టుకున్నాయి.

కామాకాపలా
ఆక్స్‌ఫర్డ్ కామా, అదే జాబితాలో చివరి ‘అండ్’, ‘ఆర్’ల ముందు పెట్టే కామా, దాని గురించి ఎవరికైనా పట్టింపు ఉందా?

అక్షరశుద్ధి
22 ఏళ్ళుగా కాపీ ఎడిటింగ్ చేస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్ళిన పేజీలకు లెక్కలేదు. కాబట్టి కాస్త వినండి. ఇర్రిగార్డ్‌లెస్ చిన్న విషయం. ఈ రోజుల్లో లెస్‌కీ ఫ్యూయర్‌కీ తేడా తెలిసినవాళ్ళు పదిమంది లేరు. రెండింటికీ అర్థం ‘తక్కువ’ అనే. లెక్కపెట్టగలిగితే ఫ్యూయర్, లేకపోతే లెస్. అంతే. ‘లెస్ మిస్టేక్స్’ అని రాసిన పేజీ వస్తే చదవకుండానే వెనక్కి పంపుతాను. గ్రామర్ పోయింది, స్పెల్లింగ్ పోయింది, ఇక ప్రొనౌన్సియేషన్ సంగతి సరేసరి.

పప్పులోకాలు
చదవకుండానే పంపితే అందులో ‘లెస్ మిస్టేక్స్’ ఉందని ఎలా తెలిసింది సార్?

మాటలమూట
అక్షరశుద్ధిగారూ, మీరు చెప్పే ఆ నియమం పుట్టుక చూడండి. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, వందమంది లాంటి లెక్క దగ్గర లెస్ కన్నా ఫ్యూయర్ సొగసుగా ఉంటుందని, తనకలా తోస్తోందని రాసుకున్నాడు. అది ఆయన ఇష్టం. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని శిలాశాసనం చేసేశారు. అంతకు ముందు ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళు, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నుంచీ, లెక్కపెట్టేవాటికి కూడా లెస్ వాడుతూనే ఉన్నారు.

అక్షరశుద్ధి
1770లో పుడితే ఏమిటి, నియమం నియమమే. పాతకాలంలో స్పెల్లింగ్ కూడా ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవారు. ఇప్పుడూ అలాగే రాద్దామా?

మాటలమూట
సరే, ‘పది డాలర్ల కంటే తక్కువ ఉంది’ అనాలంటే ‘ఫ్యూయర్ దాన్ టెన్ డాలర్స్’ అంటారా? ‘ఫ్యూయర్ దాన్ టెన్ మైల్స్ అవే’ అంటారా? డాలర్లూ మైళ్ళూ లెక్కకు అందవా?

అక్షరశుద్ధి
డబ్బు, దూరం, కాలం మినహాయింపులు. ఆమాత్రం అందరికీ తెలుసు.

మాటలమూట
అదే అడుగుతున్నా, ఆ మినహాయింపులు పెట్టిందెవరు? జనం నోట్లో నలిగినవాటిని మార్చలేక ‘మినహాయింపు’ అని పేరు పెట్టుకున్నారు.

వానాకాలంచదువు
తెలుగులో ఈ గొడవే లేదు. నీళ్ళు తక్కువ, మనుషులు తక్కువ, బుద్ధి తక్కువ. అన్నిటికీ ఒకటే తక్కువ, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఎర్రసిరా
లేదని ఎవరన్నారు? ‘కొన్ని’, ‘కొంచెం’ చూడండి. లెక్కపెట్టేవాటికి కొన్ని: కొన్ని పుస్తకాలు. లెక్కకు రానివాటికి కొంచెం: కొంచెం నీళ్ళు. ‘కొన్ని నీళ్ళు’ అంటామా?

వానాకాలంచదువు
అంటాం! మా ఇంట్లో అందరం ‘కొన్ని నీళ్ళు ఇవ్వు’ అనే అంటాం.

పప్పులోకాలు
మేమూ అంతే. ‘కొన్ని పాలు పొయ్యి’ కూడా అంటాం.

ఎర్రసిరా
నేను పుట్టి బుద్ధెరిగాక ‘కొన్ని పాలు’ వినలేదు.

మాటలమూట
అందులో తప్పేముందండీ? నీళ్ళు, పాలు బహువచనాలే. ‘నీళ్ళు ఉన్నాయి’ అంటాం గానీ ‘నీళ్ళు ఉంది’ అనం. వ్యాకరణం బహువచనం అంటోంది కాబట్టి ‘కొన్ని’ వచ్చి కూర్చుంది. కంటికి కనిపించేదాని లెక్క వేరు, మాట లెక్క వేరు. ఇంగ్లీషులో ‘పీ’ కథ కూడా ఇలాంటిదే. పూర్వం బఠాణీ గింజను ‘పీజ్’ అనేవారు, అది ఏకవచనమే. చివర ‘జ్’ శబ్దం విని బహువచనం అనుకున్నారు, తోక కత్తిరించి ‘పీ’ అని కొత్త ఏకవచనం చేసుకున్నారు. తప్పులోంచి పుట్టిన పదం. ఇప్పుడు దాన్ని తప్పనే మొనగాడున్నాడా?

కామాకాపలా
మళ్ళీ అడుగుతున్నా, ఆక్స్‌ఫర్డ్ కామా? అమెరికాలో మేన్ రాష్ట్రంలో ఒక డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కేసు వేస్తే, చట్టంలో ఒక కామా లేకపోవడం వల్ల అర్థం అటూ ఇటూ అవుతోందని 2017లో అప్పీల్ కోర్టు వాళ్ళవైపు తీర్పిచ్చింది. మరుసటి ఏడు 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఒక్క కామా అండీ!

అక్షరశుద్ధి
బఠాణీలతో వాదించే ఓపిక నాకు లేదు. రేపు ‘ఆస్క్’ని ‘ఆక్స్’ అనేవాళ్ళనీ వెనకేసుకొస్తారు కాబోలు.

మాటలమూట
వెనకేసుకొస్తాను! పాత ఇంగ్లీషులో రెండు రూపాలూ ఉన్నాయి. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ ‘ఆక్స్’ అనే రాశాడు. 1535 నాటి కవర్‌డేల్ బైబిల్లో ‘అడుగుడి మీకియ్యబడును’ అన్నచోట కూడా ‘ఆక్స్’ అనే ఉంది.

గోడమీదపిల్లి
అందాకా ఎందుకు, ‘ప్రొనౌన్సియేషన్’ అనే పదమే లేదు అక్షరశుద్ధిగారూ. అది ‘ప్రొనన్సియేషన్’. ఇరవై రెండేళ్ళ అనుభవం అన్నారు కాబట్టి ఊరుకుందామనుకున్నాను గానీ ఆగలేకపోయాను.

అక్షరశుద్ధి
ఫోన్లో టైప్ చేస్తుంటే అదే మార్చేసింది. ఇంతటి చర్చలో మీకు దొరికింది ఇదా? ఒకరి టైపో పట్టుకుని వేలాడటం సంస్కారం కాదు.

పప్పులోకాలు
పాపం ‘లెస్ మిస్టేక్స్’ రాసినవాళ్ళదీ ఫోనేనేమో సార్.

ఎర్రసిరా
అందరూ ఆయన మీద పడకండి. ఆయన చెప్పినదాంట్లో విషయం ఉంది. అన్నీ ఒప్పే అయితే బడికెళ్ళి నేర్చుకునేదేముంది? ‘దే’ని ఒక్క మనిషికి వాడటం కూడా ఒప్పే అంటారు చూడండి. ‘సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా’ అట. మనిషి ఒకరు, ‘దెయిర్’ బహువచనం. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వానాకాలంచదువు
ఇదే వాక్యాన్ని తెలుగులో చెప్పండి ఎర్రసిరాగారూ.

ఎర్రసిరా
‘ఎవరో గొడుగు మర్చిపోయారు.’ అయితే?

వానాకాలంచదువు
మర్చిపోయా‘రు’. ఎంతమంది మర్చిపోయారు?

ఎర్రసిరా
...అది గౌరవం.

వానాకాలంచదువు
ఎవరో తెలియని మనిషికి గౌరవమేమిటండీ? మగో ఆడో తెలియదు కాబట్టి ‘రు’ పెట్టాం. వాళ్ళ ‘దే’ చేసే పని కూడా అదే. తలుపు చప్పుడైతే ‘ఎవరో వచ్చారు’ అంటాం, గుమ్మంలో ఉన్నది ఒక్కరే అయినా.

మాటలమూట
భలే చెప్పారు. ఆ ‘దే’ కూడా 14వ శతాబ్దం నుంచీ ఉన్నదే. ‘యూ’ ఒకప్పుడు బహువచనమే, ఒక్కరైతే ‘దౌ’. 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ఒక్క మనిషిని ‘యూ’ అనడం తప్పని భీష్మించుకున్నారు. వాళ్ళ మాట నెగ్గి ఉంటే ఈ పాటికి మనం మెయిళ్ళలో ‘థాంక్ దీ’ అని రాస్తుండేవాళ్ళం.

ఎర్రసిరా
గొడుగు సంగతి ఆలోచిస్తాను. ‘కుడ్ ఆఫ్’ మాత్రం చచ్చినా ఒప్పుకోను.

నిద్రలేనికలం
అయ్యా, నేను మూడు అడిగితే ఒకటిన్నరకు జవాబొచ్చింది. పైవాళ్ళకు ఎలా చెప్పాలో ఒక్కరూ చెప్పలేదు. ఆ సగం తెగిన ‘డి’ సంగతి మేడంకు చెప్పే ధైర్యం నాకైతే లేదు. ఇందాకే ఆవిడ దగ్గర్నుంచి ఇంకో డ్రాఫ్టు వచ్చింది. మొదటి లైన్లోనే ‘ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్’ అని ఉంది. ముట్టుకోకుండా పంపేశాను.

అక్షరశుద్ధి
అది ‘ఇంటెంట్స్ అండ్ పర్పసెస్’. ఎనిమిదో హెన్రీ కాలపు చట్టాల భాషలోంచి వచ్చింది. దీని గురించి కొంచెం వివరంగానే చెప్పాలి.

పప్పులోకాలు
కొంచెమా, కొన్నా?