నీరు గప్పిన నిప్పా, నీఱు గప్పిన నిప్పా?

బుడితి మనవరాలు:
బుడితిలో మా తాతగారి ఇత్తడి కొలిమి దగ్గర నాయనమ్మ ఒక మాట అనేది: “నీరు గప్పిన నిప్పుకు మసి ఉండదు.” మధ్యలో ఇంకో ముక్క ఉండేది, ఎంత తలచుకున్నా రావడం లేదు. నీళ్లు చల్లిన నిప్పు అనుకునేదాన్ని. కానీ కొలిమి మీద నీళ్లు పడితే బూడిద ఎగిసి మొహాలు నల్లబడేవి కదా!

ఇప్పుడెందుకంటే, కాలేజీ పత్రికకు ఒక రకం మంట గురించి వ్యాసం రాస్తున్నాను. 1300 కెల్విన్ల వేడి వాయువుల మధ్యకు ఇంధనాన్ని సన్నని ధారగా వదులుతారు. మామూలు గాలిలో ఆక్సిజన్ బరువు లెక్కన 23 శాతం. అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్ల బర్నరులో ఆ వేడి వాయువుల్లో ఉన్నది 3, 6, 9 శాతమే. ఇంధనం తనంతట తానే అంటుకుంటుంది, కానీ మంట కంటికి సరిగా ఆనదు, మసీ చాలా తక్కువ. దీన్ని “నివురుమంట” అనాలని నా ఆశ. నాయనమ్మ అన్నది నీరా, నివురా?

చీపురుపల్లి మాస్టారు:
అమ్మా, రెండూ కాదు. నీఱు. బండి ఱ. బూడిద అని అర్థం. తమిళుల తిరునీఱు ఇదే మాట. రాతలో బండి ఱ పోయాక బూడిదా నీళ్లూ ఒకటైపోయాయి. మీ సందేహమంతా ఆ ఒక్క అక్షరం పోయినందువల్ల వచ్చింది.

ఆమదాలవలస:
మాస్టారూ, అక్షరం పోయిందని బాధపడటం సరే, పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వారి జిల్లా వాళ్లం మేము. జనం నోట ఉన్నది నివురు. నివురే కుదించుకుని నీఱు అయిందని నా నమ్మకం. పోలిక కూడా పాతదే. సంస్కృత విరాటపర్వంలో బృహన్నలను చూసిన కౌరవులు బూడిద మాటున దాగిన అగ్నితోనే పోలుస్తారు.

చీపురుపల్లి మాస్టారు:
పోలిక ఎవరిదన్నది కాదు, అక్షరం సంగతి. రేఫకూ (మామూలు ర) శకటరేఫకూ (బండి ఱ) ప్రాస కుదరదని పూర్వులు గీత గీశారంటే, చెవికి తేడా తెలిసేదనే కదా. ఆ గీత దాటాడని పోతననే తప్పుపట్టారు.

పాలకొండ:
పోతన మాట వచ్చింది కాబట్టి ఊరుకోలేను. తప్పుపట్టిన వాళ్ల లక్షణ గ్రంథాలు ఎవరి నోట ఉన్నాయి? దశమస్కంధంలో కృష్ణుడు దావాగ్నిని తాగేసే ఘట్టం చదవండి. అడవి అంటుకున్న వేడి ఒంటికి తగులుతుంది. అంతటి చెవి ఉన్నవాడు రెండు ర-లను కలిపాడంటే ఆయన కాలానికే పలుకుబడిలో కలిసిపోయి ఉంటాయి. అదే సాక్ష్యం.

బొబ్బిలి:
ర సంగతి మీరు తేల్చుకోండి. నాకు “నివురుమంట” మీదే అభ్యంతరం. నివురు కింద ఉన్నది బొగ్గు. అందులోని ఆవిర్లు ముందే పోయాయి, పైపొర మాత్రమే కాలుతుంది. దానికి మసి లేకపోవడం వింత కాదు. మసి పుట్టేది ఆవిరిలో. మా అమ్మ కాటుక పట్టేటప్పుడు ఆముదం ప్రమిద మీద ఇత్తడి పళ్లెం బోర్లించేది. పళ్లెం మంటకు తగిలీ తగలనట్టు ఉంటే నల్లగా, మెత్తగా, వేలికి పట్టులా అంటేది. పైకి లేపితే మంట పసుపుగా నిలిచి, పళ్లెం దాదాపు తెల్లగానే ఉండేది. ఆ పసుపు కూడా మసి రేణువులు కాగి వెలగడమే.

బుడితి మనవరాలు:
కాటుక పళ్లెం నా వ్యాసంలోకి తీసుకుంటాను, అనుమతి ఇవ్వండి. మీ అభ్యంతరం సరైనదే, కానీ నేను చెప్పేది ఆ రెండింటి నడుమ ఉంది. చుట్టూ వేడి పెరిగితే ఇంధనం త్వరగా విరిగి మసికి బీజాలు పడతాయి. ఆక్సిజన్ తగ్గించకుండా వేడి ఒక్కటే పెంచితే మసి ఎక్కువవుతుంది. ఆక్సిజన్‌ను పలుచన చేస్తే మంటలో అత్యధిక వేడి దిగిపోయి ఆ బీజాలు ఎదగవు. అయితే పుట్టిన మసిని తిరిగి కాల్చేసే బలం కూడా తగ్గుతుంది. ఏది గెలుస్తుందన్నది ఇంధనాన్ని బట్టి ఉంటుంది: ఇథిలీన్ మసికి తొందరపడుతుంది, మీథేన్ అంతగా కాదు. పైగా ఆ బర్నరులో వేడి వాయువుల రక్షణ మొదటి 100 మిల్లీమీటర్ల వరకే, ఆ పైన గది గాలి వచ్చి కలుస్తుంది. మంట ఉండీ కనపడదు, చుట్టూ కప్పిన పొర వల్లే అలా ఉంటుంది. అందుకే నివురు అన్నాను.

బొబ్బిలి:
పళ్లెం తీసుకోండి. నివురు మాత్రం ఒప్పుకోను. “అణగిన మంట” అనండి.

ఆమదాలవలస:
అణగిన మంట అంటే ఆరబోతున్న మంట. నివురే నయం.

చీపురుపల్లి మాస్టారు:
నివుఱు. అక్కడా బండి ఱ ఉండాలని నా వాదం.

బుడితి మనవరాలు:
ఆదివారం బుడితి వెళ్తున్నాను. తాతగారి ఈడు పెద్దాయన ఒకరు ఇంకా మూస పోస్తున్నారు. మధ్యలో పోయిన ముక్క ఆయనకు గుర్తుందేమో అడుగుతాను.

చీపురుపల్లి మాస్టారు:
రాసుకుని రావద్దమ్మా, ఫోనులో ఆయన గొంతు పట్టి తీసుకురా. ఆ ర ఎలా పలుకుతారో నేను వినాలి.

పాలకొండ:
ఈలోగా దావాగ్ని ఘట్టంలో ప్రాసలన్నీ తీసి పెడతాను. మాస్టారు చూసి చెప్పాలి.