ఆఫీసు రిసెప్షన్‌లో ఆధార్ అడగడం సబబేనా?

మాదాపూర్_అడ్మిన్:
మా ఆఫీసులో నలభై మందిమి పని చేస్తాం. పోయిన నెల ఒకడు సిస్టమ్ సర్వీసుకి వచ్చానని చెప్పి లోపలికొచ్చి రెండు ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయాడు. అప్పట్నుంచి వచ్చినవాళ్ళ చేత ఆధార్ నంబరు, ఫోన్ నంబరు రిజిస్టరులో రాయిస్తున్నాం. నిన్న ఒక పెద్దాయన "నేనేమైనా దొంగనా?" అని వెనక్కి వెళ్ళిపోయారు. చాలా బాధగా ఉంది. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

రిటైర్డ్_మాస్టారు:
ఆధార్ నంబరు రాయించడం తప్పు బాబూ. ప్రైవేటు కంపెనీలు ఆధార్ వాడుకోవడానికి వీలిచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57 భాగాన్ని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కొట్టేసింది.

మాదాపూర్_అడ్మిన్:
మాస్టారూ, మేము వేలిముద్ర తీసుకోవడం లేదు, కార్డు చూసి నంబరు రాయిస్తున్నాం, అంతే. 2019లో ఆ చట్టాన్ని సవరించిన తర్వాత ఎవరైనా ఇష్టపడి చూపిస్తే తప్పు లేదు కదా.

రిటైర్డ్_మాస్టారు:
ఇష్టపడి చూపించడం అంటే వద్దనే వీలు కూడా ఉండాలి. మీరు ఆ వీలు ఇస్తున్నారా? పైగా రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంటుంది. నా వెనక వచ్చినవాడు నా పేరు, నంబరు తీరిగ్గా చదువుకోవచ్చు. మా కోడలు ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్ళి నంబరు రాసింది. ఆ రాత్రి నుంచే ఎవడో మెసేజులు పెట్టడం మొదలుపెట్టాడు. చివరికి సిమ్ మార్చుకుంది. ఉద్యోగం కూడా రాలేదు.

వైజాగ్_తీరం:
నేను ఎక్కడికెళ్ళినా డ్రైవింగ్ లైసెన్సే చూపిస్తా. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

పాత_గుమాస్తా:
2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారుని ఆవిడ గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవరూ చనిపోయాడు. నేనప్పుడు వేరే మండలాఫీసులో ఉన్నాను. మర్నాటికల్లా మా సారు టేబుల్ ముందు అడ్డంగా తాడు కట్టించాం. రైతులు తాడు అవతలే నిలబడి అర్జీ చేయి చాచి ఇవ్వాలి. మా భయం తగ్గలేదు, వాళ్ళకి అవమానం మాత్రం మిగిలింది. అయినా చెక్ చేయొద్దని నేను అనను. ప్రాణం పోయాక ఏం చేస్తాం?

రిటైర్డ్_మాస్టారు:
దానికీ ఫోన్ నంబరు రాయించడానికీ సంబంధం ఏమిటండీ?

ఫ్రంట్‌డెస్క్_అక్క:
పదకొండేళ్ళుగా కౌంటర్లో కూర్చుంటున్నాను, అందుకని చెప్తున్నా. దొంగ కూడా కార్డు చూపిస్తాడు. అడ్మిన్ గారూ, అతన్ని పిలిచిందెవరో ఎవరైనా ఫోన్ చేసి కనుక్కున్నారా? మా దగ్గర పిలిచినవాళ్ళు బయటికొచ్చి తీసుకెళ్తేనే లోపలి తలుపు తెరుస్తాం. కొరియర్లు కౌంటర్ దగ్గరే. ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్ళ పేర్లు ముందురోజే నాకు ఇవ్వాలి, అప్పుడు పేరు పెట్టి పలకరిస్తాను. కుర్చీ, మంచినీళ్ళు అందరికీ ఒకటే. సాయంత్రం ఆరు దాటాక నేనొక్కదాన్నే ఉంటాను, బల్ల కింద బెల్లు పెట్టమని రెండేళ్ళు అడిగితే పెట్టారు.

మాదాపూర్_అడ్మిన్:
అందరూ నన్నే అంటున్నారు. ఆ ల్యాప్‌టాప్‌ల డబ్బులు మూడు నెలలు నా జీతంలో కోస్తామన్నారు, తెలుసా? గార్డుని ఆ రోజే పంపించేశారు. నేను కార్డు అడక్క ఏం చేయను?

ఫ్రంట్‌డెస్క్_అక్క:
మీ కష్టం అర్థమైంది తమ్ముడూ. ఒక్కటి చెప్పు. ఆ దొంగ ఎలా ఉన్నాడు?

మాదాపూర్_అడ్మిన్:
ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, భుజాన బ్యాగు. గార్డు సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. సీసీ కెమెరాలో కనిపిస్తోంది.

ఫ్రంట్‌డెస్క్_అక్క:
నిన్న వెళ్ళిపోయిన పెద్దాయన?

మాదాపూర్_అడ్మిన్:
పంచె కట్టుకున్నారు. ఆటోలో వచ్చారు. కొడుకు మా క్లయింటు.

పాత_గుమాస్తా:
కారులో వచ్చేవాళ్ళనీ ఆధార్ అడుగుతున్నారా?

మాదాపూర్_అడ్మిన్:
ఎండీ గారి గెస్టులని ఆపొద్దని ఆర్డరు.

రిటైర్డ్_మాస్టారు:
అయితే మీరు బట్టలు చూసి ఆపుతున్నారు. ఆయనకి కోపం వచ్చింది కార్డు అడిగినందుకు కాదు. పక్కవాణ్ణి అడక్కుండా తనని అడిగినందుకు.

ఫ్రంట్‌డెస్క్_అక్క:
గార్డునీ అనకండి. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వాళ్ళకి వంద గంటల క్లాసు, అరవై గంటల ఫీల్డు ట్రైనింగు ఉండాలి. ఏజెన్సీని ఆ సర్టిఫికెట్ ఎప్పుడైనా అడిగారా? పన్నెండు గంటలు నిలబెట్టి, ఒకరికి సెల్యూట్ కొట్టు, ఇంకొకర్ని ఆపు అని మనమే నేర్పుతాం.

మాదాపూర్_అడ్మిన్:
అడగలేదక్కా. సోమవారం ఎండీ గారితో మాట్లాడతాను, ఆయన గెస్టులూ సంతకం పెట్టాలని. ఒప్పుకుంటారో లేదో. ఆ పెద్దాయనకి ఇవాళే ఫోన్ చేస్తాను.

రిటైర్డ్_మాస్టారు:
మంచిది బాబూ. సోమవారం దాకా ఆగకుండా ఆ ఆధార్, ఫోన్ నంబర్ల కాలమ్‌లు మాత్రం ఇవాళే కొట్టేయండి.