అప్‌డేట్: యుద్ధ చరిత్ర బుర్రకెక్కడం లేదని అడిగాను కదా

యుద్ధ చరిత్ర పుస్తకం పట్టుకుంటే పది పేజీలకే నిద్ర ముంచుకొస్తోంది, ఏం చెయ్యాలని అడిగాను. ముందు నవల చదవండి, తర్వాత అదే యుద్ధాన్ని మ్యాపు, సైన్యాల బిళ్లలతో బల్ల మీద ఆటగా ఆడి చూడండి అన్నారు. రెండూ చేశాను.

నవలలో నాకు బాగా గుర్తుండిపోయింది సేనాపతి కాదు, తడి బూట్లను తిట్టుకుంటూ నడిచే సిపాయి. పడీపడీ నవ్వాను. కానీ నెపోలియన్ చివరిసారి ఓడిపోయిన వాటర్లూ యుద్ధానికి ముందు రాత్రి కురిసిన వాన ఎంత పని చేసిందో ఆ తిట్ల వల్లే అర్థమైంది.

ఇక ఆట. 1815 జూన్ 18, నేను నెపోలియన్‌ని. నేల కాస్త ఆరేదాకా ఆయన ఆగాడని చదివి 'ఇదేం తెలివి' అనుకున్నవాణ్ణి కదా, తెల్లారగానే ఫిరంగులు తోశాను. బురద రూల్ వల్ల అవి సగం దూరం కూడా కదల్లేదు. ఊగుమోంట్ అనే కోటలాంటి పొలం ఇంటి దగ్గర పట్టుదలకి పోయి సగం సైన్యాన్ని అక్కడే పారేసుకున్నాను. తలెత్తి చూస్తే కుడివైపు బల్ల అంచున, శత్రువుకి సాయంగా వచ్చిన ప్రష్యన్ సైన్యం బిళ్లలు! అప్పుడు పట్టిన టెన్షన్ ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

అన్నట్టు, 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ లెఫ్టినెంట్ తన సైన్యానికి చూపించిన ఆటలో ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధంతో సమానమట. మాకు ఒక్కో వంతుకి, వాదనలతో కలిపి, అరగంట పట్టింది.

ఆ లావు పుస్తకం మళ్లీ తెరిచాను. ఈసారి మ్యాప్ పేజీలో వేలు పెట్టుకుని చదువుతున్నాను. వచ్చే ఆటలో నేను ప్రష్యన్ సేనాపతి బ్లూషర్‌ని.